పేరు రాయని బండ

ఫిబ్రవరి 18, బుధవారం

జమాల్ బాషా అలవాటుకొద్దీ ఈ ఏడాది కూడా రెండు డైరీలు పంపించినాడు. ఒకటి ఆశీర్వాదం సార్‌కు, ఒకటి నాకు. పంపించినాక నాలిక కరుచుకున్నాడంట. సార్ పోయి ఆరు నెలలాయె గదా. ఆయన డైరీలో నేను రాస్తాండా. ఇంత మంచి కాయితం ఊరికే పోనియ్యడం ఏంటికి?

ఆయన ఉన్నప్పుడు ఏడాది మొత్తానికి మూడు మాటలే రాస్తాండె. "వాన పడె." "పిల్లోళ్లు గెలిచిరి." "మణి కోపం." ఆ మూడోది నెలకు రెండుసార్లు.

ఈపొద్దు భస్మ బుధవారం, మాకు లెంటు ఉపవాసాలు మొదలు. రేపట్నుంచి జమాల్ బాషా వాళ్లకు రంజాన్ ఒక్కపొద్దులు. స్కూలు గేటు కాడ కూతురు సాజియాను బండెక్కించుకుంటా, "మీకూ మాకూ ఒకేసారి వచ్చె టీచరమ్మా, బేతంచెర్లలో టీకొట్లోళ్ల గతేంగాను!" అని నవ్వినాడు. అంతటితో పోతే బాగుండు. "బండ మీద ఏం రాయాల్నో ఇంకా చెప్పలేదు మీరు" అన్నాడు.

చెప్తాలే అన్నా.

ఆయన సమాధికి పేరుబండ అది. సెప్టెంబర్లో నేనే జమాల్ బాషా పాలిష్ ఫ్యాక్టరీకి పోయి ఏరుకున్నా. బూడిదరంగు బండ, ఈ మూల నుంచి ఆ మూలకు తుప్పురంగు చార. మూడడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు. పాలిష్ పట్టి గోడకు ఆనించి పెట్టినాడు. మాట కోసం కాచుకోనుండాది. ముప్పైమూడేండ్ల నుంచి తెలుగు చెప్తాండా నేను. మా మిషన్ కాంపౌండులో ఎవరు పోయినా బండ మీది మాట కృపమణి టీచరే రాసియ్యాల. ఒక్క మా ఇంటాయనకే ఇంకా దొరకలే. మంచి మాట దొరకాలంటే టైం పడుతుంది. అంతే.

ఫిబ్రవరి 22, ఆదివారం

ఆరాధన అయినాక మా వదిన భీమక్క చర్చి వాకిట్లోనే పట్టుకున్నాది. ఆయనకు అక్క. డెబ్బై దాటినాయి, గొంతు మాత్రం లారీ హారనే.

"ఏమ్మే మణీ, నా తమ్ముడేమన్నా దిక్కులేనోడా?"

ఊరంతా తిరిగి చూసె.

మా కాంపౌండులో ఒక పద్ధతుండాది. మనిషి పోయినాక వచ్చే తొలి ఈస్టరుకు సమాధి మీద పేరుబండ పడాల. శనివారం సున్నం కొట్టి, బంతిపూలు పెట్టి, ఆదివారం తెల్లారకముందే ఇంటోళ్లంతా కొవ్వొత్తులు పట్టుకోని ఆడ నిలబడాల. పేరు లేని మట్టిదిబ్బ కాడ నిలబడితే, పోయినోని మీద ఆ ఇంటికి మనసు లేదని లెక్క.

"మాట దొరకలేదు వదినా."

"ఏం మాటమ్మే? ఆశీర్వాదం, డ్రిల్లు సార్ అని రాయి. అయిపాయె. వాడేమన్నా గవర్నరా?"

"ఈస్టరు ఇంకా శానా దూరముండాది."

"నువ్వు మన్ను చేసినరోజు తప్ప ఆడికి మళ్లీ పోయినావా?"

"మోకాలు నొప్పి వదినా."

నిజమే గదా. స్కూలుకూ సమాధుల దొడ్డికీ మధ్య చిన్న గేటుండాది, గేటు దాటితే రెండు మెట్లు. మోకాలికి మెట్లు మంచివి కావు. నా క్లాసు పైఅంతస్తులో ఉండాది, దానికి పద్నాలుగు మెట్లు. అది వేరే సంగతి.

ఫిబ్రవరి 27, శుక్రవారం

ఈస్టరు నాటకం ఈసారి నేను చేయించలేనని హెచ్చెమ్‌కు చెప్పేసినా. మోకాలు. కొత్తగా వచ్చిన జీవిత మిస్‌కు అప్పజెప్పినారు. వయసులో ఉండే పిల్ల, చేసుకోనీ. నాకేం బాధ లేదు.

ఫిబ్రవరి 28

నాకేం బాధ లేదు.

మార్చి 12, గురువారం

నాలుగు మాటలు రాసి నాలుగూ కొట్టేసినా. మొదటిది మరీ పెద్దది, బండ చాలదు. రెండోది ఇంతకుముందే ఇద్దరికి రాసిచ్చినా. మూడోదాంట్లో "నిద్రించుచున్నాడు" అని వచ్చింది. చదువుకుంటే నాకే నవ్వొచ్చె. ఆయన నిద్ర సంగతి ఊరందరికీ తెలుసు. నాలుగోది బాగుండాది గానీ, అది ఆయన గురించి కాదు, ఎవరో మహానుభావుని గురించి.

స్కూలుకు రోడ్డు మీది పెద్ద గేటు నుంచే పోతాండా ఈ మధ్య. చుట్టు తిరుగుడే. కానీ పొద్దుటి ఎండ ఎముకలకు మంచిదంట.

మార్చి 21, శనివారం

మొన్న ఉగాది, ఈపొద్దు రంజాన్. మొన్న నా క్లాసు పిల్ల సాహితి వాళ్లింటి నుంచి బొబ్బట్లు, ఈపొద్దు సాజియా వాళ్ల జేజి, జమాల్ బాషా వాళ్లమ్మ మదార్ బీ పంపిన సేమ్యా పాయసం. లెంటు దినాల్లో తీపి మానేస్తానని ప్రార్థనలో ఒప్పుకుంటి. దేవుడు ఇరుగుపొరుగును చూసి ఊరుకుంటాడులే.

మార్చి 24, మంగళవారం

ఒంటిపూట బడులు. మధ్యాన్నం మేడ మీద నుంచి నాటకం రిహార్సల్ చూసినా. చూడాలని కాదు, పేపర్లు దిద్దుతాంటే కండ్లబడె.

మగ్దలేనే మరియగా సాజియా. వాళ్ల నాయినే పంపినాడు. "ఆ తల్లి కత మా దాంట్లో కూడా గౌరవమే టీచరమ్మా, మరియమ్మ పేరంటే మాకూ ప్రాణం" అన్నాడంట. మీరనేది యేసు తల్లి మరియ, ఈ మరియ వేరే అని చెప్పబోయి ఊరుకుంటి. ఆమెతో యేసు సమాధికి సుగంధద్రవ్యాలు తీసుకపోయే ఇంకా ఇద్దరు స్త్రీలు, అందులో ఒకతె సాహితి. దేవదూత భూపేష్, తొమ్మిదో తరగతి. వానికి రెక్కలు కడితే ఎగరడు, గోడ దూకుతాడు.

జీవిత మిస్ నా పాత డైలాగులన్నీ మార్చేసింది. "ఆ శిలను మనకై తొలగించువారెవ్వరు" అని ఇరవై ఆరేండ్లు చెప్పించినా నేను. ఇప్పుడు "అక్కా, ఆ రాయి మనకు ఎవరు తీస్తారక్కా?" అంట. వినడానికి బాగనే ఉండాదనుకో.

సాజియా మెట్లెక్కి నాకాడికొచ్చె. "టీచర్, ఒక డౌటు. రాయి తీసే మనిషి లేడని వాళ్లకు ముందే తెలుసు గదా? తెలిసీ ఏంటికి బయల్దేరిరి? మా నాయిననన్నా అడిగింటే క్రేను పంపిస్తాండె."

"అది పరీక్షలో రాదులే పో" అన్నా.

ముప్పైమూడేండ్లలో ఒక్కరూ అడగలేదు ఈ మాట. నాకూ తోచలేదు.

రాయి అంటే గుర్తొచ్చె. మా నాటకంలో రాయి వెదురుబద్దల మీద అట్టముక్కలు అంటించింది. ఆయన గుడ్డ కప్పుకోని సమాధి లోపల దూరి కూర్చుంటాండె, నేను దగ్గితే తాడు లాగుతాండె. ఇరవై ఆరేండ్లు. ఒక ఏడాది లోపలే నిద్రపోయె. స్త్రీలు ముగ్గురూ రాయి ఎవరు తీస్తారని మూడుసార్లు అడిగిరి. నేను దగ్గి దగ్గి గొంతు పోయె. ఆఖరుకు వెనకనుంచి పోయి "ఏమయ్యా, లాగు!" అని గిచ్చినా. ఉలిక్కిపడి "ఆమెన్!" అని అరిచినాడు. రాయి అమాంతం కింద పడె, చర్చి అయ్యగారి ప్రసంగం ఎవరూ వినలే ఆ ఏడాది.

ఇప్పుడు లోపల కూర్చునేటోళ్లు ఎవరంట?

మార్చి 29, మట్టల ఆదివారం

పిల్లోళ్లు ఈతమట్టలు పట్టుకోని బజారంతా తిరిగినారు. నేను చర్చి కాడే ఆగిపోయినా. మోకాలు.

జీవిత మిస్ వచ్చి, "మేడం, అట్టల రాయి వద్దు, నిజం బండే పెడదాం. బండలూర్లో ఉండి అట్టలతో ఆడితే నవ్వరా?" అన్నాది. మాట న్యాయమే. ఈ ఊర్లో మేకలదొడ్డికి బండే, నీళ్లతొట్టికి బండే. సమాధి కట్టడం గంట పని. కానీ జమాల్ బాషా పెద్దకూతురి కానుపని రాయచోటికి పోయినాడు. "ఫ్యాక్టరీలో మారెన్న ఉన్నాడు, ఆయన్నే అడుగుతా" అని పోయింది.

మారెన్న పత్తికొండ నుంచి జనవరిలో పనికొచ్చినాడు. ముందు టమాటా మండీలో బుట్టలు మోస్తాండెనంట. మంచోడు. పని చెప్తే చెప్పినదానికంటే ఒకపాలు ఎక్కువే చేస్తాడు.

ఏప్రిల్ 2, గురువారం

వారంలో ఈస్టరు. వారమేంది, మూడు దినాలు. మాట దొరకలే. మోకాలు నొప్పి.

ఏప్రిల్ 3, శుభశుక్రవారం

మూడు గంటల ఆరాధన. ఫ్యాన్లు తిరుగుతాంటే వేడిగాలి. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో నాలుగోదాని కాడికొచ్చేసరికి భీమక్క వదిన గురక పెడతాండె. అక్కాతమ్ముళ్లది ఒకటే రక్తం. నాకు నవ్వొచ్చె, వెంటనే ఏడుపొచ్చె, ముక్కు చీదినట్ల చేసినా.

బయటికొచ్చినాక వదిన ఈసారి అరవలేదు. నెమ్మదిగా అన్నాది. "రేపు సున్నానికి మనిషిని పెట్టినా మణీ. బండ లేకపోయినా తెల్లగన్నా ఉంటాది. ఆదివారం వచ్చి నిలబడు. నేనొక్కదాన్నే నిలబడలేను."

చూద్దాం వదినా, అన్నా. అరిచింటేనే బాగుండు.

ఏప్రిల్ 4, శనివారం

జరిగింది జరిగినట్ల రాసేస్తా.

సాయంత్రం జీవిత మిస్ ఇంటికొచ్చి కాళ్లావేళ్లా పడె. మాట అందియ్యడానికి ఎవరూ లేరంట, పిల్లోళ్లు భయపడతాండారంట. సరే, రిహార్సల్ చూస్తానని పోయినా. సమాధుల గేటు పక్కనే స్టేజి. గేటు ఇవతలే. నేను గేటు దాటలే.

మూడు పక్కలా పనికిరాని బండలు నిలబెట్టి, పైన ఒకటి కప్పి, బాగనే కట్టినారు. వాకిలికి అడ్డంగా పెద్దబండ. కింద రెండు ఇనప పైపులు, పక్కకు తోస్తే జరిగేటట్ల. నిగనిగలాడే పాలిష్ బండ కొండరాయి మాదిరి కనబడాలని పిల్లోళ్లు చేతులు రంగుల్లో ముంచి బండంతా అద్దినారు. గోధుమరంగు, నలుపు, బూడిద. నలభై యాభై చేతులుంటాయి. చిన్నవీ, పెద్దవీ.

చేతుల సందులో నుంచి ఈ మూల నుంచి ఆ మూలకు తుప్పురంగు చార.

మారెన్నను అడిగినా. "ఎవరిదోనమ్మా, నేనొచ్చినప్పట్నుంచి గోడకే ఉండాది. అడిగేవాళ్లు లేరు. అందుకే ఇస్తి" అన్నాడు.

అడిగేవాళ్లు లేరు!

కోపమొచ్చింది. మారెన్న మీద కాదు. జీవిత మిస్ మీద అనుకున్నా. ఆయమ్మ మీదా కాదు. భూపేష్ బండను ఒక్క తోపు తోసినాడు, అది పైపుల మీద గడగడా ఊగింది. "మారెన్నా, ఇట్ల కదిలితే పిల్లోళ్ల మీద పడదా? కదలకుండా నిలబెట్టప్పా దాన్ని!" అని కసిరేసినా. పిల్లోళ్ల మీద పడుతుందనే అన్నా. ఇంక దేనికీ కాదు.

అది ఎవరి బండో ఎవరికీ చెప్పలే. ఇంటికొచ్చి అన్నం తినలే.

ఏప్రిల్ 5, ఈస్టరు

లేచినాడు! నిజంగా లేచినాడు!

అంతా వరసగా రాయాల, లేకపోతే నేనే నమ్మను.

నాలుగున్నరకల్లా సమాధుల దొడ్డంతా కొవ్వొత్తులే. నేను గేటు ఇవతల కుర్చీలో, పుస్తకం పట్టుకోని. గేటులోంచి చూస్తే తెల్లసున్నం దిబ్బలు. వాటిలో ఆయనది ఏదో చూడకుండానే తెలుస్తాండె, భీమక్క వదిన ఒక్కతే నిలబడిన చోటు.

నాటకం మొదలాయె. జమాల్ బాషా తెల్లజుబ్బాతో వచ్చి ముందువరసలో నిలబడె, నిన్న రాత్రే రాయచోటి నుంచి వచ్చినాడంట. స్త్రీలు ముగ్గురూ వచ్చినారు. సాజియా చేతిలో సుగంధద్రవ్యాలు, అంటే మదార్ బీ అత్తరుసీసా. మూత తీసుకోనే వచ్చింది. దొడ్డంతా గుప్పుమనె.

"అక్కా, ఆ రాయి మనకు ఎవరు తీస్తారక్కా?"

ఆ మాటతో భూపేష్ రెక్కల్లో లైట్లు వెలిగించుకోని వచ్చి బండను తోసె. కదల్లే. భుజం పెట్టి తోసె. కదల్లే. కాలు తన్నిపెట్టి తోసె, ఎడమరెక్క ఊడి కింద పడె.

"మిస్, ఇది రావడంలే" అని గుసగుస. మైకులో అందరికీ వినబడె.

సాజియా మళ్లీ అడిగె. "అక్కా, ఆ రాయి ఎవరు తీస్తారక్కా?" సాహితి బిక్కమొగం పెట్టి, "నాకేం తెలుసే" అన్నాది. అది నాటకంలో లేని మాట.

మారెన్న జనంలో నుంచి చెయ్యెత్తినాడు. "టీచరమ్మా, మీరు కదలకుండా పెట్టమంటిరి గదా! పైపులు తీసేసి రెండు తట్టల సిమెంటు ఏసినా. రాత్రంతా నీళ్లు కూడా పట్టినా!"

ఇంక చూడు నవ్వులు. అయ్యగారు పుస్తకం అడ్డం పెట్టుకోని నవ్వుతాండారు. జీవిత మిస్‌కు ఏడుపొకటే తక్కువ. సాజియా మాత్రం బెదర్లే. జనం వైపు తిరిగి, మూడోసారి, నిజంగానే అడిగె. "ఎవరన్నా తీస్తారా? లేకపోతే మేం ఇట్లే నిలబడతాం!"

మూడుసార్లు. ఆ నిద్రపోయిన ఏడాది మాదిరే. నాకు తెలియకుండానే దగ్గినా. దగ్గి, పెద్దగా అనేసినా:

"ఏమయ్యా, లాగు!"

అంతా విన్నారు. పాతవాళ్లందరికీ తెలుసు ఎవరిని పిలిచినానో. నవ్వులన్నీ ఆగిపాయె. పిల్లోళ్ల కండ్లు నా మీదనే ఉండాయి. ముప్పైమూడేండ్ల టీచరు, అంతమందిలో, లేని మనిషిని పిలిచింది.

ఎవరూ లాగలేదు. లోపల ఎవరూ లేరు గదా.

లేచినా. కుర్చీ యాడ పడిందో తెలీదు. పోయి బండకు రెండు చేతులూ ఆనించినా. నా చేతులు పిల్లోళ్ల చేతుల గుర్తుల మీద పడినాయి. జమాల్ బాషా పక్కకొచ్చి కొవ్వొత్తి ఎత్తి చూసి బిత్తరపోయె. "టీచరమ్మా, ఈ బండ..."

"తెలుసు. ముందు తొయ్యి."

తోసినాడు. జీవిత మిస్ తోసింది. అయ్యగారు తెల్లంగీ ఎగజెక్కి తోసినారు. గేటవతల నుంచి భీమక్క వదిన "ఆగండ్రా, నేనూ!" అని రెండు మెట్లూ దిగి ఉరికొచ్చె, డెబ్బై ఏండ్ల మోకాళ్లతో. మారెన్న గడ్డపార తెచ్చి అడుగున ఒక్క పోటు పొడిచినాడు. పచ్చి సిమెంటు టప్పుమని ఊడె. బండ జరిగె.

లోపల చూసినా. తెల్లగుడ్డ మడతపెట్టి ఉండాది. అంతే.

ఇరవై ఆరేండ్లు ఈస్టరు నాటకం ఆడించినా గానీ, సమాధి ఖాళీగా ఉండంగా చూసింది ఈపొద్దే. ఎప్పుడూ ఆయన ఉంటాండె దాంట్లో, మోకాళ్లు ముడుచుకోని, తాడు పట్టుకోని. ఖాళీగా ఉంటే చూడలేననుకుంటి. ఈ ఏడెనిమిది నెలలూ నా భయమంతా అదే. చూసినా. ఏమీ కాలేదు. ఏడుపొచ్చింది, శానా వచ్చింది, కానీ ఏమీ కాలేదు.

ఒంటిరెక్క భూపేష్ తన మాట మర్చిపోలే, మెచ్చుకోవాల. గట్టిగా అరిచె: "మీరు ఎవర్ని ఎతుకుతాండారమ్మా? ఆయన ఈడ లేడు! లేచినాడు!"

సాజియా డౌటుకు జవాబు కూడా అప్పుడే తోచె. రాయి తీసే మనిషి దొరికినాకే పోదామనుకోనుంటే ఆ ఆడోళ్లు ఇంట్లోనే ఉందురు. నా మాదిరి. వాళ్లు ముందు బయల్దేరినారు. రాయి సంగతి ఆడికి పోయినాక తేలె.

మైకు తీసుకున్నా. "ఈ బండ ఆశీర్వాదం సార్‌ది. నాటకం అయిపోయింది, ఇంక దాని చోటికి మోసుకోని పోదాం" అన్నా. మారెన్న తలపట్టుకున్నాడు పాపం. జీవిత మిస్ "మేడం, మాకు తెలీదు మేడం, రంగు ఇప్పుడే కడిగిస్తా" అని ఏడిసింది.

"ఒక్క చెయ్యి కడిగినా ఊరుకోను. ఆయన డ్రిల్లు నేర్పిన చేతులవి" అన్నా.

ఎనిమిదిమంది ఎత్తినారు. నేను ముందు నడిచినా. గేటు దాటినా. రెండు మెట్లు. ఎక్కినా.

ఆయన కాడ నిలబడి, "వచ్చినాలే" అన్నా. వదిన నా చేతిలో కొవ్వొత్తి పెట్టి, తన కొవ్వొత్తితో వెలిగించె. అప్పుడే తూర్పున ఎర్రబడతాండె.

బండ నిలబెడతా జమాల్ బాషా మళ్లీ అదే అడిగినాడు. "ఇప్పుడన్నా చెప్పండి టీచరమ్మా, ఏం రాయాల?"

ఆలోచించాల్సిన పనే లేకపాయె. "ఆశీర్వాదం, డ్రిల్లు సార్. దాని కింద: ఈడ లేడు. అంతే."

భీమక్క వదిన లారీ హారను మళ్లీ మోగె. "మొదటిది నేను ఫిబ్రవరిలోనే చెప్పితి గదమ్మే!"

ఏప్రిల్ 8, బుధవారం

జమాల్ బాషా దొడ్లోనే కూర్చోని ఉలితో చెక్కినాడు. చేతుల గుర్తులు చెడకుండా, వాటి సందున. మారెన్న పక్కన కూర్చోని నీళ్లు చల్లినాడు, మళ్లీ సిమెంటు ఏసినాడు. ఈసారి నేనే కదలకుండా పెట్టమన్నా.

సాయంత్రం ఊరికే ఇంకోసారి పోయొచ్చినా. చిన్నగేటు నుంచే.

ఆయన డైరీ గదా, ఆయన మాదిరే రాస్తా.

వాన పడె. పిల్లోళ్లు గెలిచిరి. మణికి మోకాలు నొప్పి లేదు. ఎప్పుడూ లేదు.